నాలుగు దీవులు వద్దు, ఒక్కటి చాలు

కాకినాడ

చిన్నా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఎక్సెల్ షీటు నిన్న రాత్రి భోజనాలయ్యాక మీ బాబాయీ నేనూ కూర్చుని చదివాం. ఏడు రోజులు, నాలుగు దీవులు, గంటగంటకీ ఒక పని, ఒక్కో పనికి ఒక్కో రంగు. "వీడు హనీమూన్‌కి వెళ్తున్నాడా, ఆడిట్‌కి వెళ్తున్నాడా?" అన్నారు మీ బాబాయి. నవ్వాను గానీ, రెండోసారి చదువుతుంటే ఒక సంగతి తట్టింది. అందులో విమానాల నంబర్లున్నాయి, హోటళ్ల రేట్లున్నాయి, ఆఖరికి ఏ రోజు ఏ చొక్కా వేసుకోవాలో కూడా ఉంది. మన కొత్త కోడలు అమ్మాయి మాట మాత్రం ఒక్కటీ లేదు. ఫోనులో చెబితే "సరే పిన్నీ, సరే పిన్నీ" అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఇద్దరూ కలిసి చదవండి.

ఆ కరీబియన్ సముద్రం గురించి నాలుగు మాటలు చెప్పే హక్కు నాకుంది. మీ బాబాయి సెయింట్ లూసియాలో మెడికల్ కాలేజీలో బయోకెమిస్ట్రీ చెప్పిన రోజుల్లో ఆరేళ్లు అక్కడ కాపురం చేశాను. నీ షీటులో మొదటి దీవి అదే. నన్నడిగితే మొదటిదీ చివరిదీ కూడా అదే కావాలి.

ముందు దూరాల సంగతి. మ్యాపులో ఆ దీవులు కోనసీమ లంకల్లా పక్కపక్కనే కనబడతాయి. ఈ ఒడ్డున పడవెక్కి ఆ ఒడ్డున దిగొచ్చనుకుంటాం. అంత తేలిక కాదు. సెయింట్ లూసియా మొత్తం 617 చదరపు కిలోమీటర్లు, అంటే నువ్వు చదువుకున్న రోజుల్లోని హైదరాబాద్ నగరమంత కూడా లేదు. అయినా అక్కడ రెండు విమానాశ్రయాలున్నాయి. అమెరికా నుంచి వచ్చే పెద్ద విమానాలు దక్షిణపు కొసన వ్యూ ఫోర్ దగ్గర హ్యూనోరాలో దిగుతాయి. పక్క దీవులకు వెళ్లే చిన్న విమానాలు ఉత్తరాన రాజధాని కాస్ట్రీస్‌లో ఎగురుతాయి. మధ్యలో కొండ. దారి పాము మెలికలు తిరిగినట్టు ఉంటుంది, గంటన్నర పడుతుంది. మేం మొట్టమొదట దిగినప్పుడు ఈ సంగతి మాకెవరూ చెప్పలేదు. రెండు రోజుల ప్రయాణం చేసి దిగి, "ఇల్లు దగ్గరేగా" అని టాక్సీ ఎక్కాను. సగం దారిలో కొండమీద కారు ఆపించి, రోడ్డు పక్కన అరటిచెట్టు పట్టుకుని కక్కుకున్నాను. ఆ టాక్సీ అతను కిందికి దిగి, కొబ్బరిబోండాం కొట్టించి చేతికిచ్చి, డబ్బులు తీసుకోలేదు. ఆ దీవితో నా పరిచయం అలా మొదలైంది.

అందుకే చెప్తున్నాను, నాలుగు దీవులంటే నాలుగు సముద్రాలు చూడటం కాదురా, నాలుగు విమానాశ్రయాలు చూడటం. ఒక్క దీవి పెట్టుకో. కావాలంటే అక్కడే రెండు చోట్ల ఉండండి. నాలుగు రాత్రులు సూఫ్రియేర్ వైపు, కొండల దగ్గర. మూడు రాత్రులు ఉత్తరాన రాడ్నీ బే వైపు, ఇసుక దగ్గర. సూఫ్రియేర్ దగ్గర గ్రో పిటోన్, పెటీ పిటోన్ అని రెండు శిఖరాలు సముద్రంలోంచి నిటారుగా లేస్తాయి. ఒకటి సుమారు 770 మీటర్లు, రెండోది 743. యునెస్కో 2004లో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఫొటోల్లో ఎన్నిసార్లు చూసినా, పొద్దున్నే కిటికీ తెరిచి చూసినప్పుడు మాట రాదు.

ఇక ముహూర్తం. సెప్టెంబరులో రేట్లు సగానికి సగం తగ్గాయని సంబరపడ్డావు. ఎందుకు తగ్గాయో ఆలోచించావా? అక్కడ జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా తుపాన్ల కాలం. అందులోనూ ఆగస్టు మధ్య నుంచి అక్టోబరు దాకా మరీ ఉధృతం. మన దివిసీమ తుపాను కథలు వింటూ పెరిగినవాడివి, నీకు వేరే చెప్పాలా? 2024 జూన్ 29న బ్రిడ్జ్‌టౌన్‌లో మనవాళ్లు టీ20 ప్రపంచ కప్పు గెలిచారు. కప్పు చేతిలో ఉంది, ఇంటికి రావడానికి దారి లేదు. బెరిల్ తుపాను ముంచుకొచ్చి బార్బడోస్ విమానాశ్రయం మూసేశారు. జూలై 4న గానీ ఢిల్లీలో దిగలేకపోయారు. రోహిత్ శర్మకే తప్పలేదు, నీకోసం ఎవరు ప్రత్యేక విమానం పంపుతారు?

అలాగని క్రిస్మస్‌కి వెళ్లమనను. డిసెంబరు మధ్య నుంచి ఏప్రిల్ మధ్య దాకా వాతావరణం బంగారం, రేట్లూ బంగారమే. నా మాట విని ఏప్రిల్ చివర్లోనో మే నెలలోనో పెట్టుకో. వానలు ఇంకా పట్టుకోవు, హోటళ్లవాళ్లు రేట్లు దించుతారు. మే నెలలో అక్కడ జాజ్ ఉత్సవం జరుగుతుంది, ఆ రోజుల్లో మాత్రం గదులు దొరకవు, తేదీలు చూసుకుని కొను. సెలవు దొరక్క తుపాన్ల కాలంలోనే వెళ్లాల్సి వస్తే, టికెట్టు కొన్న రోజే ప్రయాణ బీమా తీసుకో. తుపానుకు పేరు పెట్టేశాక తీసుకున్న బీమా ఆ తుపానుకు పనికిరాదు.

కాగితాల విషయంలో నాకు నీ మీద కంటే నీ స్నేహితుల మీద భయం. "ముప్పై రోజుల లోపు వెళ్లొస్తే అమెరికా వీసా స్టాంపింగ్ గడువు దాటినా ఫర్వాలేదు" అని ఎవరో చెప్పారన్నావు. అది సగం నిజం. హెచ్-1బీ, హెచ్-4 వాళ్లకు ఆ వెసులుబాటు కెనడాకీ మెక్సికోకీ మాత్రమే. కరీబియన్ దీవులకు కూడా వర్తించేది ఎఫ్, జే వీసాల మీదున్న విద్యార్థులకీ పరిశోధకులకీ. నీ పాస్‌పోర్టులో స్టాంపు గడువు, అమ్మాయి పాస్‌పోర్టులో స్టాంపు గడువు పక్కపక్కన పెట్టి చూడు. ఇద్దరిలో ఎవరిది అయిపోయినా సెయింట్ లూసియా ఆలోచన మానుకుని ప్యూర్టో రికో వెళ్లండి. అది అమెరికా భూభాగమే, సముద్రం మాత్రం అదే. దీవిలోకి మన పాస్‌పోర్టుకి వీసా కావాలా వద్దా అన్నది అక్కడి ప్రభుత్వం వాళ్లనే అడుగు. ఎప్పుడో వెళ్లొచ్చినవాళ్లు చెప్పింది నమ్మకు, ఈ నియమాలు ఏటేటా మారతాయి. టికెట్టు మీద అమ్మాయి పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. పెళ్లయిందన్న ఉత్సాహంలో మన ఇంటిపేరు తగిలించి బుక్ చేసేవు!

డబ్బు దగ్గరికొద్దాం. 'ఆల్ ఇన్‌క్లూజివ్' అన్న మాట చూసి టిక్కు పెట్టావు. నువ్వు మందు ముట్టవు, అమ్మాయి మాంసం ముట్టదు. ఆ ధరలో సగం బారుకీ, బఫేలో ఎండ్రకాయలకీ పోతుంది. ఎవరో తాగినదానికి మీరు బిల్లు కట్టినట్టు. పొద్దుటి ఫలహారం ఒక్కటి కలిసిన గది తీసుకోండి. బీచ్ సొంతంగా ఉందని ఎక్కువ అడిగితే మోసపోకు, అక్కడ బీచ్ జనం సొత్తు, ఎవరైనా నడవొచ్చు. ఇంకో చిక్కు ఉంది. అక్కడ చెలామణీలో ఉండేది తూర్పు కరీబియన్ డాలరు. 1976 నుంచి ఒక అమెరికా డాలరుకు 2.70 చొప్పున కట్టేసి ఉంది. అమెరికా డాలర్లు కూడా తీసుకుంటారు. రెండింటినీ 'డాలరు' అనే అంటారు. టాక్సీలకు మీటరు ఉండదు కాబట్టి ఎక్కేముందే "ఎంత, ఏ డాలరు?" అని రెండు ముక్కలు అడుగు. హోటలు చెప్పిన రేటులో పన్నూ సర్వీసు చార్జీ కలిశాయో లేదో కూడా ముందే తేల్చుకో.

తిండి గురించి దిగులు పెట్టుకుని మ్యాగీ ప్యాకెట్లు డజను మోసుకెళ్తానన్నావట. ఒరేయ్, అది మన తోటల్లో పండేవే పండే ఊరు! శనివారం పొద్దున కాస్ట్రీస్ మార్కెట్‌కి వెళ్లండి. చేమదుంపలు, కంద, చిలగడదుంపలు, గుమ్మడికాయ, బెండకాయలు, చింతపండు ఉండలు, మామిడిపళ్లు. మొదటిసారి వెళ్లినప్పుడు ఒక ముసలమ్మ "గ్రీన్ ఫిగ్, గ్రీన్ ఫిగ్" అని పిలిస్తే అత్తిపండ్లేమో అనుకుని వెళ్లాను. చూస్తే అరటికాయలు! అక్కడ అరటిని ఫిగ్ అంటారు. అరటికాయలూ ఉప్పుచేపా కలిపి వండేదే వాళ్ల జాతీయ వంటకం. నేను రెండు అత్తాలు కొని ఇంటికి తెచ్చి ఆవపెట్టి కూర చేశాను. పక్కింటావిడ గిన్నె పట్టుకొచ్చి అడిగి పెట్టించుకుంది. సీమపనసకాయ నిప్పుల మీద కాల్చి, చెక్కు తీసి, వెన్న రాసుకుని తింటారు. అమ్మాయికి తప్పకుండా తినిపించు. బల్లల దగ్గర 'రోటీ' అమ్ముతారు, కూర లోపల పెట్టి చుట్టిస్తారు. శాకాహారం కావాలంటే రాస్తాఫారీలు నడిపే చిన్న హోటళ్లు వెతుక్కోండి. వాళ్ల 'ఐటల్' భోజనంలో మాంసం ఉండదు, చాలాచోట్ల ఉప్పు కూడా వెయ్యరు. అందుకని ఆవకాయ చిన్న సీసా ఒకటి పెట్టుకోండి, మ్యాగీ వద్దు. శుక్రవారం రాత్రి గ్రో ఇలేలో వీధి పండగ ఉంటుంది, పాటలు, నిప్పుల మీద చేపలు, వీధంతా డాన్సు. అక్కడికి దగ్గర్లోనే డారెన్ సామీ గ్రౌండు. 2024 జూన్‌లో ఆస్ట్రేలియా మీద రోహిత్ 92 కొట్టింది అక్కడే. నీ షీటులో నేను కొట్టెయ్యకుండా వదిలింది ఆ ఒక్క గడే.

ఇప్పుడు అసలు ప్రశ్న. అమ్మాయికి ఈత వచ్చా? స్నార్కెలింగ్, కయాకింగ్, పడవలో సూర్యాస్తమయం, అన్నీ రాశావు. నీళ్లంటే ఇష్టమో భయమో అడిగావా? అడగలేదని నాకు తెలుసు, ఎందుకంటే మొన్న ఫోనులో నేనే అడిగాను. చిన్నప్పుడు కాలవలో జారిపడిందట. మోకాలి లోతు దాటి దిగదట. నీకు చెప్పడానికి మొహమాటపడింది, "ఆయన అంత ఉత్సాహంగా ప్లాన్ చేస్తుంటే ఎలా చెప్పను పిన్నిగారూ" అంది. అదిగో, అందుకే ఈ ఉత్తరం ఇంత పొడుగైంది. భయపడేవాళ్లను నీళ్లలోకి లాగి నవ్వడం సరదా కాదు. దీవికి పడమటి వైపు కరీబియన్ సముద్రం, మన కోనేరులా నెమ్మదిగా ఉంటుంది. తూర్పు వైపు అట్లాంటిక్, అల కొడితే కాళ్లు నిలవవు, కొన్ని నెలల్లో సర్గాసమ్ అనే నాచు కుప్పలుగా కొట్టుకొచ్చి కుళ్లి కోడిగుడ్ల వాసన కొడుతుంది. పడమటి ఒడ్డున చెయ్యి పట్టుకుని మోకాలి లోతులో నిలబడు. ఆ పైన దిగాలా వద్దా అన్నది ఆమె ఇష్టం.

ఒడ్డున ఇంకో జాగ్రత్త. మాంచినీల్ అని ఒక చెట్టుంటుంది, చిన్న పచ్చ ఆపిల్‌లాంటి కాయలు. కాయ తింటే ప్రాణం మీదికొస్తుంది, పాలు తగిలితే ఒళ్లు బొబ్బలెక్కుతుంది. వాన పడితే దాని కింద నిలబడొద్దు, ఆకుల మీంచి జారే నీళ్లు కూడా మంటే. చాలాచోట్ల మొదలుకి ఎర్రరంగు పట్టీ వేస్తారు. రంగున్న చెట్టు కనబడితే దూరంగా జరగండి.

సూఫ్రియేర్ దగ్గర గంధకపు ఊటలున్నాయి. అగ్నిపర్వతం నోటిదాకా కారులో వెళ్లొచ్చని వాళ్ల గొప్ప. బూడిదరంగు బురద ఉడుకుతూ ఉంటుంది. దిగువన వేడినీళ్ల మడుగుల్లో ఒంటికి ఆ బురద రాసుకుని, ఎండబెట్టుకుని, కడుక్కుంటారు. తప్పకుండా వెళ్లండి. కానీ ముందు అమ్మాయి కాలి మట్టెలు, పట్టీలు తీయించు. నేను తియ్యకుండా దిగాను. బయటికొచ్చి చూసుకుంటే వెండంతా కాటుకలా నల్లబడింది! నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. పెళ్లినాటి మట్టెలు, అపశకునమేమో అని కళ్లనీళ్లు పెట్టుకున్నాను. మీ బాబాయి బురదలో కూర్చునే నాకు పాఠం చెప్పారు, అది హైడ్రోజన్ సల్ఫైడ్, వెండితో కలిస్తే సిల్వర్ సల్ఫైడ్ అవుతుంది, శకునం కాదు అని. ఇంటికొచ్చి విబూదితో ఓ పూట తోమితే తెల్లబడ్డాయి. ఆ రోజు ఆయన నవ్వి ఉంటే నేను ఈనాటికీ మర్చిపోయేదాన్ని కాదు. నవ్వలేదు, పక్కన కూర్చుని తనూ తోమారు. హనీమూన్ అంటే నాకు తెలిసింది అదీ.

మనుషుల గురించి కూడా రెండు మాటలు. అక్కడ ఎవరినేం అడిగినా ముందు "గుడ్ మార్నింగ్" అనాలి. దుకాణంలోకెళ్లి నేరుగా "ఎంత?" అంటే పొగరనుకుంటారు. ఇంట్లో మాట్లాడుకునేది క్వేయోల్, ఫ్రెంచి మాటలతో పుట్టిన భాష. "బోఁజూ" అని పలకరించి చూడు, మొహాలు వెలిగిపోతాయి. నీ మిలటరీ మచ్చల టోపీ, ఆ నిక్కరూ ఇంట్లో వదిలెయ్. అక్కడ ఆ బట్టలు మామూలు జనం వేసుకోకూడదు, చట్టం. కారు అద్దెకు తీసుకుంటే మనలాగే ఎడమవైపు నడపాలి. ఇన్నేళ్లు అమెరికాలో కుడివైపు నడిపినవాడివి, కొండదారిలో ప్రయోగాలు వద్దు.

ఆ ఊరిని రిసార్టు వెనకాల కట్టిన తెరలా చూడకండి. లక్షా ఎనభై వేల మంది ఉండే దేశం ఇద్దరు నోబెల్ గ్రహీతల్ని కన్నది. 1979లో ఆర్థర్ లూయిస్‌కి అర్థశాస్త్రంలో, 1992లో డెరెక్ వాల్కాట్‌కి సాహిత్యంలో. ఇద్దరి పుట్టినరోజూ జనవరి 23. కాస్ట్రీస్ నడిబొడ్డున వాల్కాట్ పేరున్న చౌకులో ఒక పాత నిద్రగన్నేరు చెట్టుంది, దాని నీడన కాసేపు కూర్చోండి. గ్రో పిటోన్ ఎక్కాలంటే ఫోఁ జాఁ లీబ్ర అనే పల్లె నుంచి గైడుతో వెళ్లాలి. ఆ పేరుకి 'స్వేచ్ఛాజనుల లోయ' అని అర్థం, బానిసత్వం నుంచి పారిపోయినవాళ్లు దాక్కున్న చోటు. 1859లో మన దేశం నుంచి మొదటి ఓడ ఆ దీవికి వచ్చింది, చెరకు తోటల్లో పనికి ఒప్పందం మీద తెచ్చిన కూలీలు. మార్కెట్లో మన పోలికల మొహం కనబడి, అడిగితే "మా తాతల తాతలు ఇండియా" అంటారు. ఊరు పేరు అడగొద్దు, వాళ్ల దగ్గర ఆ పేరు మిగల్లేదు. నేను అడిగి, ఒకావిడ మొహం చిన్నబోవడం చూశాను.

చివరిగా ఒక రోజు నేను నింపుతాను, కాదనకు. సూఫ్రియేర్ చుట్టుపక్కల పాత కోకో తోటలున్నాయి. మీ మామగారికి ఏలూరు జిల్లాలో కొబ్బరితోటలో అంతరపంటగా కోకో ఉంది కదా. పెళ్లిలో వడ్డన దగ్గర నిలబడి ఆయన నాకు అరగంట దాని గురించే చెప్పారు. అమ్మాయి కాయలు కొట్టి గింజలు ఎండబెట్టే చోట పెరిగింది. అక్కడ తోటవాళ్లు కాయ పగలగొట్టి, తెల్లటి గుజ్జుతో గింజలు చీకించి, పులియబెట్టిన గింజల్ని ఎండలో పళ్లేల మీద పోసి, వట్టి కాళ్లతో అటూ ఇటూ తొక్కుతూ మెరుగు పెడతారు. దానికి 'కోకో డాన్సు' అని పేరు. నీళ్ల దగ్గర నువ్వు గొప్పవాడివి, అక్కడ ఆమె గొప్పది. గింజ విరిచి వాసన చూసి అది సరిగ్గా పులిసిందో లేదో నీకు చెప్తుంది. ఆ రోజు నువ్వు నోరు మూసుకుని విను. ఏ బీచ్‌లో కంటే అక్కడే నీ పెళ్లాం నీకు ఎక్కువ తెలుస్తుంది.

మిగతా షీటు చింపెయ్. టికెట్లు, వీసాలు, బీమా, గదులు, ఇవి నాలుగూ ఇంట్లో ఉండగానే ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి. అక్కడ దిగాక రోజుకొక పని, మిగతా అంతా ఖాళీ. ఏ పని అన్నది ఒక రోజు నువ్వు చెప్పు, ఒక రోజు తను చెప్తుంది.

మార్కెట్లో బిర్యానీ ఆకు, దాల్చినచెక్క కట్టలు అమ్మే వరసలోనే కోకో కడ్డీలు దొరుకుతాయి. తురిమి, దాల్చినచెక్క, జాజికాయ వేసి పాలతో మరిగిస్తే దాన్ని అక్కడ 'కోకో టీ' అంటారు. నాలుగు కడ్డీలు తెచ్చి ఇండియా వచ్చినప్పుడు ఇవ్వు. ఏరడం నీకు చేతకాదు, అమ్మాయిని ఏరమను.

ఇద్దరికీ దీవెనలతో,
మీ పిన్ని